హైదరాబాదుకూ విశాఖకూ మధ్య ఎంత దూరం?

నాలుగేళ్ళ క్రితం ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా అమ్మ విశాఖలో, గాజువాకలోని మా ఇంటి పెరట్లో నాచు పట్టిన గచ్చు మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నాన్న ఆమెను ఊళ్ళో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళి నాకు ఫోను చేసేసరికి రెండుంబావు అయింది. "ఎంతసేపట్లో రాగలవురా?" అని అడిగారు. నేను హైదరాబాదులో, తార్నాకలో ఉన్నాను. ఆయన లైనులో ఉండగానే వెతికి చూస్తే రెండు నగరాల మధ్య దూరం 510 కిలోమీటర్లనీ, విమాన ప్రయాణానికి 1 గంట 10 నిమిషాలు పడుతుందనీ కనిపించింది. ఐదూ నలభై విమానంలో సీటు కూడా దొరికింది. "గంటంపావు ప్రయాణమే నాన్నా, ఏడింటికల్లా అక్కడుంటాను" అని చెప్పాను.

ఆ మాట నమ్మి నాన్న ఆపరేషను కాగితాల మీద సంతకం పెట్టలేదు. మా అబ్బాయి ఏడింటికి వస్తాడు, వాడొకసారి చదివాక పెడతాను అని డాక్టరు గారికి చెప్పి, వార్డు బయట బల్ల మీద కూర్చున్నారు. నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి తొమ్మిదయింది. మత్తు ఇచ్చే డాక్టరు అప్పటికే వెళ్ళిపోయారు. ఆపరేషను మరునాటికి వాయిదా పడింది, అమ్మ ఆ రాత్రంతా కాలు కదపలేక మూలుగుతూ గడిపింది. తరువాత ఆమె బాగానే కోలుకుంది, ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తోంది. ఆనాడు వర్షం వల్ల విమానం యాభై నిమిషాలు ఆలస్యమైన మాట నిజమే. అయితే సరిగ్గా వేళకే బయలుదేరి ఉన్నా నేను ఎనిమిదికి ముందు ఆసుపత్రికి చేరేవాణ్ణి కాను. ఏడింటికల్లా వస్తానన్న మాట, వర్షంతో పని లేకుండా, అన్న క్షణంలోనే తప్పు.

అప్పటి నుండి ఆ గంటా పది నిమిషాల అంకె నన్ను వదలలేదు. అది ఎక్కడ పుడుతుంది, దేన్ని లెక్కలోకి తీసుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అని పట్టుబట్టి చూశాను. చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది: విమానం ఎగిరే సమయాన్ని రెండు ఊళ్ళ మధ్య దూరంగా చెప్పుకోవడానికి మనం అలవాటు పడటం వల్ల, దూరంలో అసలు పెద్ద భాగం నేల మీద ఉందన్న సంగతి మన కంటికి కనబడటం లేదు. ఇళ్ళలో ఇచ్చుకునే మాటలూ దాని వల్లే తప్పుతున్నాయి, ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టే చోటూ దాని వల్లే తప్పుతోంది.

ముందు ఆ 510 సంగతి చూద్దాం. శంషాబాదు విమానాశ్రయం ఇంచుమించు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 దగ్గర ఉంది. గుండ్రని భూమి మీద ఈ రెండు బిందువులనూ కలిపే అతి దగ్గరి వంపు గీతను కొలిస్తే 510 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. పాతకాలపు కొలతలో చెప్పాలంటే, ఆమడకు ఎనిమిది మైళ్ళ చొప్పున, ఇది నలభై ఆమడలు. ఇంతవరకు తప్పు లేదు. దాన్ని జెట్ విమానపు వేగంతో, అంటే గంటకు 850 కిలోమీటర్లతో భాగిస్తే 36 నిమిషాలు వస్తుంది. దానికి ఎక్కడానికీ దిగడానికీ అని మరో అరగంట కలిపితే మనం తెర మీద చూసే అంకె తయారవుతుంది. ఆ అంకె వెనక ఏ విమానమూ లేదు, ఏ గాలీ లేదు, ఏ రన్‌వే లేదు. ఉన్నది ఒక భాగాహారం, ఒక కూడిక.

నిజంగా ఎగిరే విమానం చేసే పని వేరు. పదివేల అడుగుల లోపు ఎత్తులో మామూలుగా 250 నాట్లకు, అంటే గంటకు 460 కిలోమీటర్లకు మించి పోకూడదన్న నియమం ఉంది. పైకెక్కడానికి ఇరవై నిమిషాలు, కిందికి దిగడానికి మరో ఇరవై పైచిలుకు పోతాయి కాబట్టి, ఇంత దగ్గరి ప్రయాణంలో విమానం పూర్తి వేగం మీద ఉండేది పది నిమిషాలు మాత్రమే. హైదరాబాదు నుండి ఢిల్లీ 1,260 కిలోమీటర్లు, విశాఖకు రెండున్నర రెట్లు దూరం. అయినా ఢిల్లీకి పట్టేది రెండుంబావు గంటలు, విశాఖకు గంటంపావు. దూరం రెండున్నర రెట్లయితే కాలం రెండు రెట్లు కూడా కాలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే రాజమండ్రిని చూడవచ్చు. శంషాబాదు నుండి అది 360 కిలోమీటర్లే, కాని పంకా రెక్కలు తిరిగే ఏటీఆర్ విమానం ఎక్కితే అక్కడికీ గంటా పది నిమిషాల పైనే పడుతుంది. అంటే నూట యాభై కిలోమీటర్ల తేడా ఉన్న రెండు ఊళ్ళు కాలంలో ఒకే దూరాన ఉన్నాయి.

టికెట్టు మీద ముద్రించే సమయమైనా కొంత నయం. అది విమానం చక్రాలకు పెట్టిన అడ్డుదిమ్మెలు ఇక్కడ తీసిన క్షణం నుండి అక్కడ మళ్ళీ పెట్టేవరకు లెక్క. రన్‌వే దాకా పాక్కుంటూ పోయే సమయం, ముందున్న విమానాల వెనక వరుసలో నిలబడే సమయం, విశాఖ పైన దిగడానికి అనుమతి కోసం చక్కర్లు కొట్టే సమయం దానిలో కొంత కలిసి ఉంటాయి. విశాఖలో ఈ చివరిది చిన్న విషయం కాదు. అక్కడి రన్‌వే నావికాదళానిది, ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనిది, పౌర విమానాలకు అందులో ఒక భాగం ఇచ్చారు. నావికాదళం శిక్షణ విమానాలు నడిపే వేళల్లో పౌర విమానాలకు పరిమితులు ఉంటాయి. దేశ రక్షణకు సంబంధించిన చోట అది సహజమే, దాన్ని తప్పు పట్టను.

గాలి మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మనవాళ్ళకు సంబంధించిన ఒక మంచి విశేషం ఉంది. చలికాలంలో ఎత్తున గాలులు పడమటి నుండి తూర్పుకు వీస్తాయి కాబట్టి విశాఖకు పోయే విమానానికి అవి తోడవుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో నేల దగ్గర గాలి నైరుతి నుండి వీస్తున్నా, చాలా ఎత్తున మాత్రం తూర్పు నుండి పడమటికి ఒక బలమైన ప్రవాహం పారుతుంది. ఈ తూర్పు గాలుల జెట్ ప్రవాహాన్ని 1950లలో పరిశోధించి లోకానికి తెలియజేసిన వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం గారు. ఆయన ఆ తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు. మన విమానాలు ఎగిరే ఎత్తులో ఆ ప్రవాహపు అడుగు భాగం మాత్రమే తగులుతుంది, అందువల్ల తేడా కొద్ది నిమిషాలే. పదహారు పదిహేడు గంటలు ఎగిరి అమెరికాకు పోయేవారికి మాత్రం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి వల్ల గంటకు పైగా తేడా రావడం అనుభవమే. విశాఖ ప్రయాణంలో గాలి మన వైరి కాదు.

వైరి నేల మీద ఉంది. 2008 మార్చి వరకు హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడుమ ఉండేది. తార్నాక నుండి పది కిలోమీటర్ల లోపే. ఆ నెలలో శంషాబాదు తెరిచారు, బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. పెరుగుతున్న ఊరికి పెద్ద రన్‌వే కావాలి, బేగంపేట చుట్టూ స్థలం లేదు. కాబట్టి ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. 2009లో మెహదీపట్నం నుండి పదకొండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు, బాహ్య వలయ రహదారి కూడా వచ్చింది. రోడ్లు వేశారు, పట్టాలు వేయలేదు. 2022 డిసెంబరులో విమానాశ్రయ మెట్రోకు శంకుస్థాపన జరిగింది, తరువాత ఆ మార్గాన్నే మార్చారు. ఊళ్ళో తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉందానగర్ దాకా వెళ్తుంది, అంటే శంషాబాదు పొలిమేరకు చేరి ఆగిపోతుంది, అక్కడి నుండి టెర్మినలుకు రైలు లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులు మంచివే, నేను చాలాసార్లు వాటిలోనే వెళ్తాను, కాని అవి కూడా అందరితో పాటు అదే రోడ్డు మీద ఇరుక్కుంటాయి. తార్నాక నుండి విమానాశ్రయం నైరుతి దిక్కున ఉంది. తూర్పున ఉన్న విశాఖకు పోవడానికి ముందు విశాఖకు వీపు పెట్టి గంటా ఇరవై నిమిషాల ప్రయాణం చేయాలి. ఆ గంటా ఇరవై నిమిషాలు ఏ లెక్కలోనూ కనబడవు.

ఇప్పుడు గుమ్మం నుండి గుమ్మానికి కూడదాం. ఇంటి నుండి శంషాబాదుకు గంటా ఇరవై నిమిషాలు. సామాను ఇచ్చే కౌంటరు విమానం వేళకు గంట ముందే మూస్తారు కాబట్టి, భద్రతా తనిఖీ వరుస ఎంత పొడవుంటుందో ముందుగా తెలియదు కాబట్టి, కనీసం గంటన్నర ముందు చేరుకోవాలి. విమానం గంటంపావు. పెట్టె కోసం ఎదురుచూసి బయటపడటానికి ఇరవై అయిదు నిమిషాలు. విశాఖ విమానాశ్రయం నుండి గాజువాకకు అరగంట. మొత్తం ఐదు గంటలు. ఇందులో చక్రాలు నేలను వదిలి ఉన్న సమయం సుమారు యాభై నిమిషాలు, అంటే ఆరో వంతు. 510 కిలోమీటర్లను ఐదు గంటలతో భాగిస్తే గంటకు నూట రెండు కిలోమీటర్లు. విమానం ఎక్కి మనం నిజంగా ప్రయాణించే వేగం ఇదీ. రేపు ఎవరైనా ఇప్పటికి రెట్టింపు వేగంతో పోయే విమానం తెచ్చినా ఈ ఐదు గంటల్లో తగ్గేది పాతిక నిమిషాలకు మించదు. తార్నాక వైపు నుండి టెర్మినల్ కిందికి నేరుగా ఒక రైలు వేస్తే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది.

రైలు సంగతికి వద్దాం. సికింద్రాబాదు నుండి విశాఖకు వరంగల్లు, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగా రైలు మార్గం 700 కిలోమీటర్లు. విజయవాడ సరిగ్గా సగం దారిలో, రెండు వైపులా మూడువందల యాభై చొప్పున ఉంటుంది. పక్షి ఎగిరే దూరం కంటే ఇది 190 కిలోమీటర్లు ఎక్కువ, కృష్ణ ఒడ్డుకు దిగి మళ్ళీ గోదావరి దాటి పైకి పోవాలి గనుక. 2023 సంక్రాంతి నాడు, జనవరి 15న, ఈ మార్గంలో వందే భారత్ మొదలైంది. ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, సగటు వేగం గంటకు 82 కిలోమీటర్లు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోగల బండి అది. స్టేషనుకు వెళ్ళడం, కాస్త ముందుండటం, విశాఖలో దిగి గాజువాక చేరడం అన్నీ కలిపితే తొమ్మిదీ యాభై. విమానం కంటే దాదాపు ఐదు గంటలు ఎక్కువ. ఈ తేడాను దాచి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అమ్మ పడిన రోజున ఏ రైలూ నన్ను ఆ రాత్రికి చేర్చేది కాదు, విమానం చేర్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడూ, గుండె ఆపరేషనైన మనిషిని తీసుకుపోవలసినప్పుడూ విమానానికి బదులు లేదు.

అయితే ప్రయాణాలన్నీ అటువంటివి కావు. నా ప్రయాణాల్లో పదింట తొమ్మిది పండుగకో, పెళ్ళికో, అమ్మానాన్నలను చూడటానికో. వాటికి కాలాన్ని మరో విధంగా లెక్కించాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున దిగుతాం. గడియారం ప్రకారం పదకొండు పన్నెండు గంటలు, కాని అందులో ఆరేడు గంటలు నిద్ర. ఇంట్లో పడుకున్నా ఆ నిద్ర పోవలసిందే. మెలకువగా ఉండే గంటల్లో పోయేది ఒక సాయంత్రం. విమానంలో పోయేవి ఐదు గంటలు, ఐదూ మెలకువలోనే. పైగా ముక్కలు ముక్కలుగా పోతాయి: కారులో కొంత, వరుసలో కొంత, కుర్చీలో కొంత. పుస్తకం తెరిచి కుదురుగా పది పేజీలు చదవడానికి కూడా ఏ ముక్కా చాలదు. మా తరం ఈ లెక్క మరిచిపోయింది. మా తాతగారిని విశాఖ ఎంత దూరమని అడిగితే, రాత్రి బండెక్కితే తెల్లారేసరికి దిగుతాం అనేవారు. కూతవేటు దూరం, పూట దూరం, తెల్లారేసరికి చేరే దూరం, ఇవన్నీ గుమ్మం నుండి గుమ్మానికి చెప్పిన లెక్కలు. మనిషి కాలూ కంఠమూ నిద్రా వాటిలో ఉన్నాయి. వాటిలో కిలోమీటరు ఖచ్చితత్వం లేకపోవచ్చు, కాని ఆ లెక్క మీద ఇచ్చిన మాట తప్పేది కాదు.

సంక్రాంతికి ఈ దూరం మళ్ళీ మారిపోతుంది. రైలు టికెట్లు ప్రయాణానికి అరవై రోజుల ముందు తెరుస్తారు, భోగి ముందు రాత్రికి గోదావరిలో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. విమానం టికెట్టు ధర ఆ వారంలో మామూలు కుటుంబానికి అందనంత ఎత్తుకు పోతుంది. అప్పుడు మిగిలేది రోడ్డు: 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడకు, అక్కడి నుండి 16వ నంబరు మీద విశాఖకు, 620 కిలోమీటర్లు. పండుగ ముందు రోజుల్లో టోల్ గేట్ల దగ్గర నిలబడిన కార్ల బారులు చూసినవారెవరూ ఆ ప్రయాణానికి ఇన్ని గంటలని చెప్పే సాహసం చేయరు. డబ్బున్నవాడికి విశాఖ జనవరి పన్నెండున కూడా ఐదు గంటల దూరమే. నెల జీతం మీద బతికే ఐదుగురి కుటుంబానికి పద్నాలుగు గంటలు, లేదా ఆ ఏడాదికి చేరలేని దూరం. ఒక్క అంకెతో రెండు నగరాల మధ్య దూరం చెప్పేటప్పుడు అది ఎవరి దూరమో కూడా చెప్పాలని నేను అడిగేది అందుకే.

ఇక విశాఖ వైపు జరగబోయేది. విశాఖకు ఉత్తరాన, భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం వస్తోంది. 2023 మే నెలలో దానికి శంకుస్థాపన చేశారు. నావికాదళ స్థావరంలో పరిమితుల మధ్య నడిచే విమానాశ్రయం ఉత్తరాంధ్రకు చాలదన్నది నిజం, శ్రీకాకుళం, విజయనగరం వాసులకు భోగాపురం దగ్గర కూడా. ఆ ప్రాంతానికి అది రావలసిందే. కాని గాజువాక వైపు నుండి చూడండి. ఇప్పుడు అరగంటలో చేరే విమానాశ్రయం అరవై కిలోమీటర్ల దూరానికి, ఊరి రెండో చివర దాటి అవతలికి పోతుంది. మధ్యలో ఎన్ఏడీ కూడలి నుండి మధురవాడ దాకా ఊరంతా దాటాలి. గంటా నలభై అయిదు నిమిషాలు తక్కువ పట్టదు. తార్నాక నుండి గాజువాకకు ఐదు గంటల ప్రయాణం ఆరుంబావు అవుతుంది. తెర మీద మాత్రం గంటా పది నిమిషాలే ఉంటుంది, ఒక్క నిమిషం కూడా మారదు.

ఇదే సమయంలో రైలును ఊహించండి. ఉన్న దూరంలోనే, ఆ 700 కిలోమీటర్లలోనే, గంటకు 130 సగటున బండి నడిస్తే ఐదు గంటల ఇరవై నిమిషాల్లో విశాఖ స్టేషనులో ఉంటుంది. స్టేషన్ల వరకు రాకపోకలు కలిపినా ఆరూ నలభై. ఊరి నడుమ ఎక్కి ఊరి నడుమ దిగే రైలుకూ, ఊరి బయట ఎక్కి ఊరి బయట దిగే విమానానికీ అప్పుడు తేడా పాతిక నిమిషాలు. దానికి మూడో లైను కావాలి, మెలికలు సరిచేయాలి, గేట్లు తీసేసి వంతెనలు కట్టాలి, సరుకు బండ్లను వేరు చేయాలి. కాజీపేట–విజయవాడ మధ్య మూడో లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. కొత్త విమాన సర్వీసు మొదలైతే పత్రికల్లో మొదటి పేజీలో ఫొటో పడుతుంది, మూడో లైనులో ఇరవై కిలోమీటర్లు పూర్తయితే జిల్లా పేజీలో ఓ మూల నాలుగు వాక్యాలు వస్తాయి. దూరాన్ని విమానం గంటల్లో కొలిచే అలవాటుకూ, ఈ రెండు వార్తల పరిమాణానికీ సంబంధం ఉందని నా నమ్మకం. శంషాబాదుకూ భోగాపురానికీ టెర్మినల్ దాకా రైలు వేయమని అడిగేవారు కూడా అందుకే తక్కువగా ఉన్నారు. ఆ దారి మన లెక్కలో లేనే లేదు కదా, లేని దారికి పట్టాలు ఎవరు అడుగుతారు?

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి నాన్నకు చూపించాను. ఆయన ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు షిఫ్టు డ్యూటీలు చేసినవారు, గంటల లెక్క ఆయనకు కొత్త కాదు. కళ్ళజోడు పెట్టుకొని ఒక్కో వరుస మీద వేలు పెట్టి కూడుకుంటూ వచ్చి, చివర ఆరుంబావు దగ్గర ఆగారు. "విమానాలు భోగాపురం పోయాక ఇంతవుతుందా?" అని అడిగారు. అవుతుందన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అయితే గోదావరికే రా" అన్నారు. "దువ్వాడలో దిగు. నేను ఆటో తీసుకొని స్టేషనుకు వస్తాను."